తరగతి గదిలో తలస్నానం

నెత్తిన నీళ్లు పోసుకుని ఉద్యోగం మీదికి తెచ్చుకున్న మాస్టారిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదుగో, నేనే. ఎలాగో చెబుతాను. మీరు ఎంతైనా నవ్వుకోండి గాని, మా మనవలకు మాత్రం చెప్పకండి.

అరవైల మొదట్లో నల్లమాడ దగ్గర ఒక కరువు పల్లె బడిలో ఇంగ్లీషు మాస్టారుగా చేరాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది కృష్ణా కాలువ గట్టున ఊరు. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని ఏనాడూ ఎవరినీ అడిగినవాణ్ణి కాను. పైగా ట్రైనింగులో ఒక మంత్రం నేర్చుకుని వచ్చాను: ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలి, తెలుగు ముక్క వినబడకూడదు, ప్రతి పనీ చేసి చూపించాలి.

ఆరో తరగతి. పాఠం, రోజూ మనం చేసే పనులు. "ఐ గెటప్" అంటూ బల్లమీద పడుకుని లేచాను. "ఐ బ్రష్ మై టీత్" అంటూ వేపపుల్ల నమిలాను. పిల్లలు చక్కగా అందుకున్నారు. "ఐ టేక్ ఎ బాత్" దగ్గరే చిక్కొచ్చింది. ఒట్టి చేతులతో ఒళ్లు రుద్దుకుంటూ ఎగిరితే నలభైమందీ తెల్లమొహాలు వేశారు. ముందు వరసలో కూర్చునే నరసమ్మ పక్కపిల్లతో గుసగుసలాడింది.

"సారుకు చీమలు కుడ్తాండాయేమో!"

"నో తెలుగు!" అని గర్జించాను.

అప్పుడు నా కంట పడింది, గది మూలన నిండు కడవ. ఇంకేం! చొక్కా విప్పి, బనీనుతో నిలబడి చెంబు ముంచాను.

"సార్! సార్! ఆ నీళ్లు..."

"నో తెలుగు! ఇంగ్లీష్ ఓన్లీ!"

పాపం, వాళ్లకొచ్చిన ఇంగ్లీషంతా మంచం దిగి పళ్లు తోముకునేంతవరకే. ఒకడు చేతులు జోడించాడు. ఇంకొకడు గొంతు పట్టుకుని చూపించాడు. ఆహా, పిల్లలు కూడా నటిస్తున్నారే అని నేను పొంగిపోయి, నాలుగు చెంబులయ్యాక కడవే ఎత్తి కుమ్మరించుకున్నాను. చైత్రమాసపు ఎండలో ఏం హాయి! నీళ్లను మట్టినేల క్షణంలో తాగేసింది.

సరిగ్గా అప్పుడే వచ్చింది నాగమ్మ, బడికి నీళ్లు మోసే ఆవిడ. కడవలోకి తొంగి చూసింది.

"ఏమప్పా, నీళ్లు యాడికి పోయినాయి? తెల్లారకముందే బావికాడ నిలబడి, మైలు దూరం మోసుకొచ్చినా. పిల్లోళ్లు సాయంత్రం దాకా తాగాల్సిన నీళ్లు!"

నరసమ్మ లేచి, నావైపు వేలు చూపి, గంట కొట్టినట్టు చెప్పింది.

"హీ టేక్స్ ఎ బాత్!"

'హీ' అంటే క్రియ చివర 'స్' పలకాలని మూడు వారాలుగా తల బాదుకున్నా ఒక్కరి నోటా రానిది, ఇప్పుడొచ్చింది! శభాష్ అనబోయి, నాగమ్మ మొహం చూసి మింగేశాను.

"ఏమంటాదీ పిల్ల?" అంది నాగమ్మ.

"సారు స్నానం చేసినాడు!" తరగతంతా తెలుగులో ఘొల్లుమంది.

"తాగే నీళ్లతోనా! నేను పోసుకుని నాలుగు దినాలాయ కదప్పా!"

గోలకు హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "కడవ ఎత్తుకో. విషయం తెలిసి పిల్లోళ్ల నాయనలు వచ్చేలోగా ఇది నిండకపోతే, నీ ఉద్యోగం సంగతి నాకు తెలీదు" అన్నాడు.

కడవ భుజాన పెట్టుకుని నాగమ్మ వెనక నడిచాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో నలభై ఎండిన మొహాలు. అప్పుడు మాత్రం నిజంగా సిగ్గేసింది.

బావి దగ్గర బారుగా ఆడవాళ్లు. ఇంకా తడి ఆరని నన్ను చూడగానే ఒక ముసలమ్మ ఆశగా ఆకాశంలోకి చూసింది.

"తడిసినాడే! వాన యాడ పడిందప్పా?"

"బడిలో పడిందిలే అవ్వా, ఈయప్ప ఒక్కని మీదే" అంది నాగమ్మ.

నవ్వి నవ్వి, పిల్లల దప్పిక సంగతి విని, వరసలో అందరికంటే ముందు నన్నే తోడుకోనిచ్చారు.

ఆ బావి గట్టునే, సూర్యుడు సాక్షిగా, బనీను పిండుకుంటూ ఒట్టు పెట్టుకున్నాను: ఊపిరి ఉన్నంతకాలం ఏ తరగతి గదిలోనూ స్నానం చేయనని. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.