నాన్న ఒంట్లో జరిగిన పరిణామం

కోరాపుట్‌లో ఒక కాలేజీలో నేను జంతుశాస్త్రం చెప్తాను. జీవపరిణామం పాఠం వచ్చేసరికి, కోతి మనిషైతే ఇప్పటి కోతులు మనుషులెందుకు కావడం లేదని ఎవరో ఒకరు లేచి అడుగుతారు. మనం ఇప్పటి కోతుల నుంచి రాలేదు, వాటికీ మనకీ పూర్వీకులు ఒకరే, తర్వాత దారులు వేరయ్యేయి అని ఓపిగ్గా చెప్తాను. పిల్లలు కదా. మా నాన్నకి చెప్పే ఓపిక మాత్రం ఎన్నడో అయిపోయింది.

నాన్న జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యేడు. అమ్మా ఆయనా రాయగడలో ఉంటారు. నేను సెలవులకి వెళ్లిన ప్రతిసారీ గోడమీద కోతుల్ని చూపించి, "అదిగో అమ్మీ, మీ తాతలొచ్చేరు. జామకాయలెట్టు" అంటాడు.

అదైనా భరించవచ్చు. ఆయన మాత్రల పిచ్చి భరించలేను. తుమ్మొచ్చినా, కడుపు నొచ్చినా సందు చివర మందుల షాపుకెళ్లి ఎప్పుడూ ఒకే యాంటీబయోటిక్ కొనుక్కుంటాడు. రెండు పూటలు వేసుకుని, తేలికపడగానే మిగతావి టీవీ వెనక దాచేస్తాడు. మళ్లీ ఏదైనా వస్తే అవే.

"జలుబుకి అది పనిచెయ్యదు నాన్నా."

"పనిసెయ్యకపోతే ఎలా తగ్గిందే?"

"దానంతటదే తగ్గింది."

"ఎలాగైతే ఏటి, తగ్గింది కదా!"

ఈ సంభాషణ ఎన్ని సెలవుల్లో జరిగిందో చెప్పలేను.

మొన్న వానాకాలంలో అమ్మ ఫోన్ చేసింది. నాన్నకి ఒంటేలు పోస్తుంటే మంట, పైగా చలిజ్వరం. మాత్రలకి తగ్గడం లేదట.

"ఏ మాత్రలమ్మా?"

"అవేనే, టీవీ ఎనకున్నవి."

వెంటనే రైలెక్కేను. ఆ దారంతా సొరంగాలే. ఆస్పత్రికి తీసుకెళ్లమని నేను చెప్పేలోపే ఫోన్ తెగిపోయేది. మళ్లీ కలిస్తే, "మీ నాన్న ఇంకోటి ఏసుకున్నారే" అని వినిపించేది. అంతలో ఇంకో సొరంగం.

ఇంటికి చేరేసరికి నాన్న దుప్పట్లో వణుకుతున్నాడు. నా ముఖంలోకి చూసి, "ఎవులూ?" అన్నాడు. దారంతా పళ్లు నూరుకుంటూ వచ్చినదాన్ని, ఆ మాటకి చల్లబడిపోయేను. ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లేను. అక్కడి డాక్టరమ్మ మూత్రం పరీక్షకి పంపించి, ఫలితం వచ్చేక నన్ను పక్కకి పిలిచింది. మామూలుగా ఇచ్చే మందులు చాలావాటికి ఈ సూక్ష్మజీవి లొంగదని, ఇక సూదిమందే గతని, అదైనా పనిచేస్తే అదృష్టమేనని హిందీలో చెప్పింది.

పనిచేసింది. జ్వరం దిగి, ఇంత గంజి తాగేక నాన్న అడిగేడు.

"ఏటయిందమ్మీ నాకు?"

అడిగినవాడు ఆయన కాబట్టి మంచం పక్కనే కూర్చుని పాఠం మొత్తం చెప్పేను. "సూక్ష్మజీవులన్నీ ఒక్కలా ఉండవు నాన్నా. కోట్లలో ఎక్కడో ఒకటి ఆ మందుని తట్టుకునేది పుడుతుంది. నువ్వు మాత్ర వేసుకున్నప్పుడల్లా మిగతావి చచ్చేయి, అది మిగిలింది. చోటంతా దానిదే అయింది. దాని పిల్లలూ దానిలాంటివే. దీన్నే ప్రకృతి వరణం అంటారు. జీవులన్నీ ఇన్ని రకాలుగా మారడానికి ముఖ్యమైన కారణం అదే. ఈ సూక్ష్మజీవులకి పిల్లలు పుట్టడానికి నిమిషాలు చాలు కాబట్టి ఇంత తొందరగా మారేయి. మనలాంటి వాటికి లక్షల ఏళ్లు పడుతుంది."

నాన్న దుప్పటి తొలగించి తన పొట్టకేసి చూసుకున్నాడు.

"అంటే, అదంతా నా ఒంట్లోనే జరిగిందంతావా?"

"నీ ఒంట్లోనే."

గెలిచేననుకున్నాను.

మర్నాడు పక్కింటాయన పలకరించడానికి ఆస్పత్రికి వచ్చేడు. నేను టీ పట్టుకుని వస్తుంటే లోపల్నుంచి నాన్న గొంతు. "మా అమ్మి సెప్పింది. ఆ పురుగులికి మందు అలవాటైపోనాదట. సారాకి అలవాటు పడినట్టే. తాగి తాగి గట్టిపడిపోనాయి. ఆటి పిల్లలికీ అదే అలవాటు!"

"అలవాటు కాదు నాన్నా!" అని గుమ్మంలోంచే అరిచేను. "జిరాఫీ మెడ సాచి సాచి పొడుగైందని, ఆ పొడుగే పిల్లలకొచ్చిందని పూర్వం అనుకునేవారు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. మిల్లులో నువ్వు బరువులు మోసేవు కదా, నాకు కండలొచ్చేయా?"

"కండలు రానేదు గానీ, నా మొండితనం వచ్చిందే!"

పక్కింటాయన పగలబడి నవ్వేడు. నర్సు వచ్చి, కేకలేమిటని ఒడియాలో నన్నే కోప్పడింది.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. నాన్న ఒక్క పూట కూడా తప్పించలేదు. గడియారం చూసుకుని మరీ వేసుకునేవాడు. ఎవరడిగినా, "మజ్జిలో మానేస్తే ఆటికి అలవాటు పడిపోడానికి టైము దొరికేస్తాది" అని చెప్పేవాడు.

సరిదిద్దుదామని నోరు తెరిచేను. అమ్మ నా చెయ్యి నొక్కింది.

"ఒగ్గీవే. ఏసుకుంతున్నారు కదా."

నోరు మూసుకుని బట్టలు సర్దుకున్నాను. మర్నాడు నాకు క్లాసుంది.