జెర్రికి బొద్దింక ఏమవుతుంది

నా పెద్ద చదువు ఒక జెర్రి కడుపులో పడి ఎలా నాశనమైందో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో హైదరాబాదులో పరిశోధన చేసేవాణ్ణి. తేళ్లు, జెర్రులు, ఎండ్రకాయలు, బొద్దింకలు, ఇలాంటి కీళ్లకాళ్ల జీవుల జన్యువుల్లో అక్షరాల వరుసలు పోల్చి, ఎవరు ఎవరికి దగ్గరి చుట్టమో తేల్చడం నా పని. అది తేలితేనే నా ఫెలోషిప్పు నిలుస్తుంది. జెర్రి కోసం బెల్లంపల్లిలో అక్క ఇంటికి వెళ్లి, రాళ్లకుప్ప తిరగేసి ఒకదాన్ని పట్టి సీసాలో వేసి, మూతికి బట్ట కట్టాను. పదిరోజులు దాన్ని అక్కడే పస్తు పెట్టాలి. లేకుంటే అది తిన్నదాని జన్యువు కూడా కలిసిపోతుంది. అయిదో తరగతితో బడి మానేసిన అక్కకు ఇదంతా ఏం చెబుతాంలే అనుకున్నాను.

“అక్కా, గీ సీసా ముట్టకు.”

“గండ్ల ఏమున్నది?”

“జెర్రి. నా సదువు.”

“సదువుకు గిన్ని కాళ్లా?” అంటూ ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

గడువు తీరాక జెర్రిని తీసుకుపోయి, చిన్నదే కదా అని కడుపుతో సహా మొత్తం నూరేశాను. ఫలితం చూస్తే దాని జన్యువు అచ్చం బొద్దింకదే. అనుమానపడాల్సింది పోయి, అల్పుడికి ఐశ్వర్యం వచ్చినట్టు అందరినీ పిలిచి ఉపన్యాసం దంచాను. జెర్రీ బొద్దింకా తోబుట్టువులనీ, పాత పుస్తకాలన్నీ తిరగరాయాలనీ చెప్పాను.

మా గైడు సారుది జగిత్యాల. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పస్తు పెట్టినవా?”

“పది దినాలు పెట్టిన సార్.”

“గిది చుట్టరికం గాదు బిడ్డా, భోజనం.”

హాలంతా నవ్వింది. ఫెలోషిప్పు పోయింది. ఊగిపోతూ బెల్లంపల్లి బస్సెక్కాను.

“అక్కా, సీసల ఏమన్న ఏసినవా?”

“రోజుకొక బొద్దింక. ఇంటికొచ్చిన జీవిని ఉపాసం ఉంచుతమా తమ్మీ? నువ్వు ముట్టకన్నవు, ముట్టలే. బట్ట ఎత్తి పైకెల్లి ఏసిన.”

అక్కకు పుణ్యం, జెర్రికి విందు, నాకు ప్రాణసంకటం. “నీ పుణ్యం నా బతుకును తిన్నది” అని అరిచాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

“నీ సదువు కోసమే గద నన్ను బడి మాన్పిచ్చిండ్రు. జర చెప్తే, దాన్ని నేనే పస్తు పెడ్తుంటి.”

నా తెలివి మీద నాకే అసహ్యం వేసింది.

అందుకని నలుగురి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ జీవిని పస్తు పెట్టినా, ఎందుకో ముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెబుతాను. ఈ ప్రమాణం తప్పుతానన్న భయం లేదు. ఆ తర్వాత నన్ను ఏ ప్రయోగశాలా గడప తొక్కనివ్వలేదు.