రెండు ముక్కలైన ట్రాక్టరు

మా ఆయన పాత ట్రాక్టరు కొని తెచ్చిన రోజున మా మావగారు దానికేసి కన్నెత్తి చూడలేదు. ఊరు ఊరంతా మా వీధిలో మూగింది. ఆయన మాత్రం అరుగు మీద గోడవైపు తిరిగి చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నారు. ఎడ్ల జతని అమ్మి ఇనుప సామాను తెచ్చాడని కొడుకు మీద మంట. చివరికి చుట్ట పారేసి తీర్పు చెప్పారు.

"తొలకరి పడీలోగా పల్లపు పొలమంతా దున్నీసినావా, ఉంచుకో. లేదా, దాన్ని ఒగ్గీసి నా ఎడ్లు నాకు తెచ్చీ."

యాభైల్లో చోడవరం చుట్టుపక్కల ట్రాక్టరున్న ఇళ్ళు ఎక్కడో గాని లేవు. మా ఆయన అప్పటికే కనబడ్డవాళ్ళందరికీ గొప్పలు చెప్పేసి ఉన్నారు. ఇప్పుడు వెనక్కిచ్చేస్తే బజారులో తలెత్తుకు తిరగలేరు. సరేనని మీసం మెలేశారు.

సగం పొలం దున్నేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత పట్టుకుంది రోగం. ఇంజను గొంతు చించుకునేది, పొగ కక్కేది, చక్రం మాత్రం కదిలేది కాదు. ఖాళీగా రోడ్డు మీద లక్షణంగా నడిచేది. నాగలి నేలలో దిగిందా, ఇక మొరాయింపే. పైగా ఏదో మాడుతున్న కంపు. అది మా ఆయన బట్టలకి పట్టి ఉతికినా పోయేది కాదు. ఉతికేది నేను కాబట్టి నాకు తెలుసు.

ఇక చూడండి, ఊరంతా వైద్యులే. దిష్టి అన్నవాళ్ళు నిమ్మకాయలు కట్టారు. ట్రాక్టరుకి పోసే కిరసనాయిల్లో నీళ్ళు కలిశాయని ఒకాయన తేల్చేశాడు. వడ్డాది నుంచి మా ఆడపడుచు మొగుడు వచ్చాడు. ట్రాక్టరుని అంతకుముందు బొమ్మలో కూడా చూసి ఎరగడు. చక్రాల్లో గాలి ఎక్కువైందని తీయించేశాడు. మళ్ళీ కొట్టడానికి ఒక పూట పట్టింది. వీళ్ళందరికీ మజ్జిగ కలపలేక నా చేతులు పడిపోయాయి. ఒక్కడైనా ఒళ్ళు వంచి ఒక బోల్టు విప్పిన పాపాన పోలేదు.

ఆకాశంలో చూస్తే మబ్బులు. మా ఆయన అన్నం కెలికి లేచిపోయేవారు. నాకు జాలేసింది. ఇంతమంది మాట విన్నందుకు ఒళ్ళూ మండింది. పోట్లాడి మరీ అనకాపల్లి నుంచి ఇంజన్లు బాగుచేసే సాయిబు మేస్త్రీని పిలిపించాను.

ఆయన ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఇంజను స్టార్టు చేసి, పెద్ద గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్చి మెల్లగా వదిలాడు.

"క్లచ్చి బాగుంటే ఇంజను ఇప్పుడు ఆగిపోవాలమ్మా," అన్నాడు.

ఆగడమా! హాయిగా తిరుగుతూనే ఉంది.

"ఇంజనుకీ గేరుపెట్టెకీ మధ్య ఒక ప్లేటు ఉంటది. అది పట్టుకోకుండా జారిపోతంది. ఎందుకో విప్పితేగాని తెలీదు."

విప్పడమంటే మూత తీయడం అనుకున్నాను. ఆ మహానుభావుడు మర్నాడు మా పెరట్లో ట్రాక్టరుని నడుము దగ్గర రెండు ముక్కలు చేశాడు. ముందు సగం దుంగల మీద, వెనక సగం దూరంగా. చప్పుడు విని మావగారు అరుగు మీంచి పరుగున వచ్చారు.

"ఓరి నాయినో, నరికీసినాడ్రా! మరి లేస్తదా అది?"

మేస్త్రీ ప్లేటు బయటికి తీశాడు. దాన్నుంచి నూనె కారుతోంది. వాసన చూసి, ఇది ఇంజను ఆయిలు కాదే అంటూ నా ముందు పెట్టాడు. రోజూ దీపాల్లో పోసేదాన్ని, నాకు తెలీదా?

"ఆముదం," అన్నాను.

మా ఆయన తండ్రి వైపు తిరిగారు. మాట నెగ్గించుకోడానికి పెద్దాయనే పోశారన్న అనుమానం. దాచడమెందుకు, నాకూ అదే అనుమానం.

"నాయినా, నువ్వేనా?"

"నానే," అన్నారు మావగారు, ఏమాత్రం తడుముకోకుండా. "పొద్దుటేల దాని కడుపులోంచి కీసు కీసుమని ఒకటే మూలుగు. ఎడ్లకి మందు పోసే వెదురు గొట్టం ఎట్టి, ఆ పక్క కంతలోంచి రోజూ కూసింత పోసేను. ఇంట్లో గొడ్డు మూలిగితే సూస్తా కూకోమంటావేటి?"

మేస్త్రీ తల పట్టుకున్నాడు. "పెద్దాయనా, ఇది బండి ఇరుసు కాదు. ప్లేటు పొడిగా ఉంటేనే పట్టు. నూనె పోస్తే జారక ఏం చేస్తది?"

నిన్నటిదాకా ఇనుప సామాను, ఇవాళ ఇంట్లో గొడ్డు! నాకు నవ్వాగలేదు, కళ్ళల్లో నీళ్ళూ ఆగలేదు.

మేస్త్రీ ప్లేటుని పెట్రోలుతో కడిగి ఎండలో పెట్టాడు. ఆ ఎండ ఎంతోసేపు లేదు. రెండు ముక్కలూ కలపకముందే ఉరిమింది. చినుకులు, వెంటనే కుండపోత. మేస్త్రీ ప్లేటు పట్టుకుని వసారాలోకి పరుగెత్తాడు. మా ఆయన వానలోనే చతికిలబడిపోయారు. సగం పొలం అలాగే మిగిలింది. మావగారు అన్నమాట తప్పరని ఊరందరికీ తెలుసు.

మావగారు గబగబా తాటాకు తడక ఒకటి లాక్కొచ్చి ట్రాక్టరు తెగిన నడుము మీద కప్పారు. గాలికి ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. తలపాగా లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

గోడవతల నుంచి పక్కింటాయన తొంగిచూశాడు. "ఏటి బాబూ, తొలకరి పడిపోయినాది. ఎడ్లు ఎప్పుడు తెస్తన్నారు?"

మావగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. కళ్ళల్లో పడ్డ నీళ్ళు భుజంతో తుడుచుకుని అరిచారు.

"తొలకరేటి? ఏదిరా వాన? సుక్క పడితే సూపించు!"