బంద్ అంటే ఏది బంద్?

"మా అబ్బా గుండె బంద్ అయిందక్కా" అని మా ఉస్తాద్ కొడుకు ఫోన్‌లో చెప్పగానే, ఏడుపు కన్నా ముందు నా నోటిదాకా ఒక ప్రశ్న వచ్చింది: ఎవరు బంద్ చేసిన్రు? ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు ఆ మాట చెవిన పడితే అదే అలవాటు. నాలుక కరుచుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

శంషాబాద్ అవతల, విమానాలు నెత్తిమీదుగా దిగే చోట ఉంది మా అట్టపెట్టెల కార్ఖానా. అక్కడి యంత్రాలకు గ్రీజు పైపులు వేసింది మా ఉస్తాదే. చెయ్యి దూరని మూలల్లో బేరింగులుంటాయి. పంపు నుంచి పెన్సిలంత సన్నటి పైపుల్లో గ్రీజు వాటిదాకా చేరాలి. కందుకూరు నుంచి వచ్చి మెయింటెనెన్సులో చేరిన కొత్తలో, ఇందులో నేర్చుకోవడానికేముంది, పైపు కోసి బిగిస్తే అయిపోదా అనుకున్నాను.

అయిపోదట! యంత్రం ఆపకముందే ఆయన దూరంగా నిలబడి, సర్కసుకు వచ్చినట్టు చూస్తూ ఉండేవారు. "ముందుగాల నడుస్తుంటే చూడు బిడ్డా. యాడ వణుకుతుంది, యాడ తిరుగుతుంది? మన పైపు దాని తొవ్వకు అడ్డం పోవద్దు." ఆపించాక పని మొదలు. కోసిన అంచు నున్నగా గీకాలి, లోపల రజను లేకుండా ఊదాలి, పైపు ఊగకుండా క్లిప్పులు బిగించాలి. అయినా చివరి జాయింటు మాత్రం కలపనిచ్చేవారు కాదు. ఆ కొస కింద డబ్బా పెట్టి, చేత్తో పంపు మెల్లగా కొట్టించేవారు. ముందు ఫట్ ఫట్‌మని గాలి బుడగలు. ఎంత దూరం వచ్చిందో చూద్దామని నేను వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటి పడింది.

"ఏం, ఏలు మీద పగ పట్టినవా? జోరుగ వస్తే గ్రీజు తోలు చీల్చుకొని లోపలికి పోతది. దవాఖానల ఏలే తీసేస్తరు!"

బుడగలు ఆగి గ్రీజు తెగకుండా వచ్చాకే జాయింటు కలిపేవారు. "వస్తుంది, వస్తుంది, చూడు!" అని ప్రతిసారీ అదే సంబరం. ఇన్నేళ్లుగా చూస్తున్నావు, విసుగు రాదా ఉస్తాద్ అని ఆటపట్టించాను ఒకసారి. "లోపట గాలి యాడ దాక్కున్నదో ఎవ్వలకెరుక?" అన్నారు. ఆయన వేళాకోళమాడలేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉండేది.

ఇక బంద్ సంగతి. వయసులో ఉన్నప్పుడు, వేరే చోట, ఆయన బెల్టు దగ్గర వంగి "బంద్ ఉన్నదా?" అని అరిచారట. పంపు దగ్గరున్నతను "బంద్ ఉన్నది" అన్నాడు. అతను చెప్పింది పంపు సంగతి, ఈయన అడిగింది బెల్టు సంగతి. చొక్కా చెయ్యి చిరిగి బెల్టులో పోయింది, మనిషి మిగిలారు. అప్పటినుంచి మెయిన్ స్విచ్చుకు తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి లోపల పెట్టేవారు. మా షెడ్డులో ఎవరైనా ఉత్తినే బంద్ అంటే ఊరుకునేవారు కాదు. "ఏది బంద్? ఎవరు చేసిన్రు? చెవి ఎవ్వలి జేబుల ఉన్నది?"

ఇంట్లోనూ అంతే. "జర ఫ్యాన్ బంద్ చెయ్యమంటే గూడ కచేరీ పెడ్తడమ్మా!" అని ఆయన భార్య, మా ఖాలా, చాయ్ ఇస్తూ నాతో మొత్తుకునేది.

పని ముగిశాక తాళం తీసేముందు "లోపల ఎవరన్న ఉన్నరా?" అని కేకేసేవారు. అప్పుడే విమానం వస్తే ఆగేవారు. "పోనియ్యి. ఆ చప్పుడుల ఎవ్వలన్న పలికినా ఇనరాదు."

చివరిరోజు ఒక్క పైపు మిగిలుండగా ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయారు. మేమే దవాఖానకు తీసుకుపోయాం. తాళం స్విచ్చుకు, తాళంచెవి ఆయన జేబులో ఉండిపోయాయి.

ఖననమైన మర్నాడు మేనేజర్ గారు మెల్లగానే అడిగారు. "లోపల ఎవరూ లేరని చూసుకుని తాళం కోయించేద్దామా అమ్మా? ఆర్డర్లు ఆగిపోయాయి."

"కొయ్యొద్దు సార్!" అని అరిచాను. అంత గట్టిగా అరుస్తానని నేనూ అనుకోలేదు. వేసినవాళ్లే తియ్యాలన్నది ఆయన మాట. ఆయన లేరు. ఆయన తాళాన్ని రంపం పెట్టి కోయడం మాత్రం నావల్ల కాదు. సాయంత్రం దాకా ఆగండి సార్ అని బతిమాలి, వాళ్లింటికి పోయాను.

ఖాలా దిండు కింది నుంచి తాళంచెవి తీసింది. "దవాఖానల జేబులకెల్లి తీసి పిడికిట్ల పట్టిండు, ఇడ్వలే. కొడుకు అడిగినా ఇయ్యలే. పనికాడి బిడ్డకే ఇయ్యిమన్నడు." ఆ చెవి ఇంకా గ్రీజు వాసన వేస్తోంది. ఖాలా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

తిరిగొచ్చి, ఆయన తాళం పక్కనే నా తాళం వేసి, ఆ మిగిలిన పైపు నేనే వేశాను. కొస దగ్గర డబ్బా పెట్టి పంపు కొట్టాను. బుడగలు ఆగి గ్రీజు వచ్చింది. వస్తుంది, చూడు అనబోయి పక్కకు తిరిగాను.

జాయింటు బిగించి, నా తాళం తీసి, ఆయన తాళంలో చెవి పెట్టాను. అప్పుడే పైన విమానం దిగుతోంది. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, కేకేశాను.

"లోపల ఎవరన్న ఉన్నరా?"

ఎవరూ పలకలేదు. ఇంకో విమానం వచ్చి వెళ్లేదాకా అలాగే నిలబడ్డాను.