తొంభై తొమ్మిది దగ్గర అమ్మన్న

నూకరాజుగారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, కామెంటరీ. కళ్ల ముందు ఏది జరిగినా చెప్పకుండా ఉండలేరు. రెండు టెస్టులు ఆడి, ఆ తర్వాత ఇరవై ఏళ్లు టెస్టు మ్యాచ్‌లకు రేడియోలో హిందీ కామెంటరీ చెప్పిన నోరది. రిటైరయ్యావు ఊరుకో అంటే ఊరుకుంటుందా?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి పొద్దునే జ్యోతిర్మయికి సంగతి తెలిసిపోయింది. "కొత్త బ్యాటర్ వంటింట్లో దిగింది. చేతిలో గరిటె. ఉప్మా అడుగంటిన వాసన. ఒత్తిడిలో ఉంది," అని హాల్లోంచి గొంతు వినబడింది. పక్క ఊరు సీపత్‌లో పెరిగిన పిల్ల, బిత్తరపోయి మొగుడి వంక చూసింది.

"ఆదత్ అయిపోద్దిలే," అన్నాడు శివాజీ పళ్లు తోముకుంటూ.

నిజంగానే అలవాటైపోయింది. అత్తగారు లేని ఆ ఇంట్లో, మొదటిరోజు నుంచీ "తల్లీ" అని పిలిచింది ఆయనొక్కరే.

నోరు ఆగదన్న మాటే గాని, ఆయనకో నియమం ఉంది. జరగనిది చెప్పరు. "వానొస్తాదా మామయ్యా, బట్టలు తియ్యాలా?" అని అడిగితే పెరట్లోకి వెళ్లి, చెయ్యి చాపి, చినుకు పడేదాకా నిలబడి, అప్పుడొచ్చి, "వచ్చింది," అనేవారు. ఈలోగా బట్టలు తడిసేవి.

"ఆడినప్పుడు బంతి ఒక్కటే అగుపించేది తల్లీ, ఆట అగుపించలేదు," అనేవారు. "మైకు ముందు కూకున్నాకే ఆటంతా సూసినాను. బంతి ముందెల్లాల, నోరు ఎనకెల్లాల. ముందే చెప్పినోడు కామెంటేటరు కాదు, సోది చెప్పినోడు."

అలాంటి మనిషి ఆ ఎండాకాలం కొత్త పని మొదలుపెట్టారు. రోజూ ఒంటిగంటకు, కాకి కూడా నీడ వదలని వేళ, ఖాళీ రైల్వే గ్రౌండుకు వెళ్లి, అటు చివర బ్యాటర్‌కు బంతి కనబడాలని నిలబెట్టిన తెల్ల తెర పక్కన కుర్చీ వేసుకుని, చచ్చిపోయిన మనిషి బ్యాటింగుకు కామెంటరీ చెప్పసాగారు.

ఆ మనిషి అమ్మన్న, బ్యాటింగులో ఆయన జోడీ. శివరాత్రికి ముందు పోయాడు. జీవితంలో ఒక్క టెస్టు ఆడాడు. తొంభై ఒకటి నాటౌట్ మీద ఉండగా వాన కురిసి మ్యాచ్ ఆగిపోయింది. మళ్లీ ఎవరూ పిలవలేదు.

కాలనీవాళ్లు గేటు దగ్గర నిలబడి విన్నారు. దాటి లోపలికి వెళ్లడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. "బౌలర్ పరిగెత్తుకొస్తున్నాడు," అని ఆయన ఆగిపోయేవారు. గ్రౌండంతా నిశ్శబ్దం. అప్పుడు వినబడేది, టక్ అని. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు. అక్కడ బ్యాటూ లేదు, బంతీ లేదు, మనిషీ లేడు. "ముందుకొచ్చి ఆడాడు అమ్మన్న. పరుగు లేదు," అనేవారాయన, తల మెల్లగా తిప్పుతూ. పిచ్ పక్కన పడుకున్న కుక్క కూడా అటే తల తిప్పేది.

జ్యోతిర్మయి గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగొచ్చేసింది.

రిటైర్డ్ గార్డు బంగార్రాజు తేల్చేశాడు. "వంద కొట్టిన నాడు అమ్మన్న ఒక్కడూ ఎల్లడమ్మా. జోడీని కూడా తీసుకుపోతాడు."

అంతే, కాలనీలో క్షేమసమాచారాలు పోయి స్కోరు మిగిలింది. తార్‌బహార్ బజార్లో కూరలమ్మే మనిషి కూడా, "కిత్నా హువా?" అని స్కోరు అడిగాడు. తొంభై ఏడంటే గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరేసి దణ్ణం పెట్టాడు. దయ్యాలు లేవని రోజూ వాదించే శివాజీ, తొంభై ఎనిమిదికి ఆఫీసుకు సెలవు పెట్టి, జ్వరమని పడుకున్నాడు.

"మామయ్యా, మ్యాచ్ డ్రా చేసేద్దురూ," అని బతిమాలింది జ్యోతిర్మయి.

"నా సేతిలో నేదు తల్లీ."

"మరెవరి చేతిలో ఉంది?"

"బ్యాటున్నోల సేతిలో," అన్నారాయన. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

తొంభై తొమ్మిది అయిన మర్నాడు ఆమె ఆగలేకపోయింది. ఏదైతే అదయిందని కొంగు నెత్తిన వేసుకుని, గేటు దాటి, గ్రౌండు మధ్యలోంచి నడిచింది. నేల కాలుతోంది. సగం దూరంలో ఉండగా వినబడింది, టక్. చప్పుడు పిచ్ మీద నుంచి కాదు, తెల్ల తెర వెనక నుంచి వచ్చింది.

తెర వెనక ప్రహరీగా నిలిచిన ఓ ఇంటి గోడ, గోడకో కిటికీ. లోపల మంచం మీద తొంభై ఏళ్ల లక్ష్మీనరసమ్మ, అమ్మన్న తల్లి. కళ్లు కనబడవు. కొడుకు పాత బ్యాటు రెండు చేతులా పట్టుకుని నేలకేసి కొడుతోంది. పక్కన మూతపెట్టిన అన్నం కంచం.

"కొడుకు పోయిన కాణ్ణించి సరిగ్గా మెతుకు ముట్టనేదు," అన్నారు నూకరాజుగారు గొంతు తగ్గించి. "మ్యాచ్ అవ్వనేదమ్మా, తొమ్మిది రన్లున్నాయి, నువ్వు కొట్టు, నాను చెప్తాను, రోజూ ఆట కాగానే లంచ్ అన్నాను. ఒప్పుకున్నాది. మెల్లగా తగిల్తే పరుగు నేదు, గట్టిగా తగిల్తే ఒకటి."

"వందయ్యాక?"

"అయిపోతే నాను కూడా ఆడి దగ్గిరికి ఎల్లిపోతానంటంది. నానేటి సెయ్యను? తగిలిన బంతి తగల్నేదని ఎలా చెప్పను?"

రెండు నెలలుగా ఊరంతా ఈ మనిషికి దయ్యం పట్టిందనుకుంది, జ్యోతిర్మయితో సహా.

లోపల ముసలమ్మ బ్యాటు పైకెత్తింది. ఇన్నాళ్లూ లేని బలమేదో వచ్చినట్టు దబ్బున కొట్టింది. కిటికీ రెక్క అదిరింది.

నూకరాజుగారు నోరు తెరిచారు. మాట రాలేదు. ఇరవై ఏళ్ల మైకులో రాని గతుకు అది. ఒక్క క్షణం, రెండు, మూడు.

"నేను ఆపేశాను," అంది జ్యోతిర్మయి.

"ఎవులది?" అంది ముసలమ్మ.

ఫీల్డరే స్వయంగా ఆపానంటుంటే కామెంటేటర్ కాదనడానికేముంది? నూకరాజుగారి గొంతు మళ్లీ పట్టాలెక్కింది. "కొత్త ఫీల్డర్. కవర్స్‌లో. మా కోడలు. పూర్తిగా పక్కకు దూకి ఆపింది. పరుగు లేదు. లంచ్ విరామం."

లక్ష్మీనరసమ్మ బ్యాటు మంచానికి ఆనించి, కనబడని కళ్లతో కిటికీ వైపు తిరిగింది.

"నిజంగా ఆపీసినావేటే?"

"ఆపేశాను మామ్మా."

"సేతులు గట్టియే నీవి," అంది ముసలమ్మ. "అయితే రా, ఆ సేత్తోనే ఇంత అన్నం కలిపి పెట్టు. రేపు సూస్తాను నీ సంగతి."