రెండో నంబరు ప్రశ్న

ఒక అబద్ధాన్ని ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా అబద్ధమేనేమో. చాలాకాలం అదే నన్ను మోసింది. దాని మీదెక్కి ఊరేగాను, దండలు వేయించుకున్నాను. దాని బరువు నాకు తెలిసింది ఈ మధ్యనే, చేవెళ్ల కోర్టు వరండాలో.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర మొదలుపెడితే సగంలోనే ఆపేసి, "రాజకీయాల్ల గివన్నీ మామూలే అన్నా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేనూ ఎంతమందితో ఎన్నిసార్లు అన్నానో ఆ మాట.

నేను చట్టసభలో సభ్యుడిగా పనిచేశాను. ఏ సభ, ఏ పార్టీ అని అడగొద్దు. మాది కనకమామిడి వైపు. మా పొలం గట్టు దాటితే ఇప్పుడు సిటీవాళ్ల ఫామ్‌హౌస్ గోడలు.

సభలో ఏ పనీ జరగదని బయట అనుకుంటారు. జరుగుతుంది. నా బాధంతా అదే. మొదటి ఏడాది ఒక చిన్న వంతెన గురించి లేచి అడిగాను. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. వారం తిరక్కుండా ఇంజినీర్లు టేపులు పట్టుకుని వాగులో దిగారు. అర్జీలు పెట్టి పెట్టి ఊరివాళ్ల చెప్పులు అరిగిపోయిన పని అది. ఒక్క ప్రశ్నకు అంత బలం ఉంటుంది. అటువంటి సభను మేమే, మా చేతులతో మేమే, రోజుల తరబడి ఆపేసేవాళ్లం. ఎవరో ఎవరినో ఒక మాట అంటారు. క్షమాపణ చెప్పాలని ఇటువాళ్లు, చెప్పేది లేదని అటువాళ్లు. నినాదాలు. ప్లకార్డులు. పది నిమిషాల వాయిదా. పది నిమిషాలంటే గంటన్నర. ఆ గంటన్నరా లాబీలో రెండు పక్షాలూ ఒకే బల్ల దగ్గర సమోసాలు తింటూ, మీ అమ్మాయి సీటు సంగతి ఏమైందని పలకరించుకుంటాం. గంట మోగగానే లోపలికి వెళ్లి మళ్లీ గొంతులు చించుకుంటాం. పార్టీలు తారుమారైనా తంతు మారలేదు. మేము అధికారంలోకి వచ్చాక వాళ్లు పోడియం ఎక్కారు. మేము సభా మర్యాద మీద ఉపన్యాసాలిచ్చాం. సిగ్గు లేకుండా ఇచ్చాం.

చూశారా, మళ్లీ 'మేము' అంటున్నాను. ఈ ఒప్పుకోలు 'మేము'ది కాదు.

హిమాయత్‌నగర్‌లో, పట్నంలోది కాదు, మా పక్కనున్న పల్లె, సువార్తమ్మ అని ఒక ఆమె ఉంది. ఫామ్‌హౌస్ తోటల్లో కూలికి పోతుంది. ఆదివారం చర్చి తప్పదు. ఆ ఊరి మహిళా సంఘానికి ఆమె మాటే మాట. మా దగ్గరి సర్కారు దవాఖానలో కాన్పుల కోసమని ఒక కొత్త గది కట్టి, డాక్టరును వేయకుండా తాళం పెట్టారు. సువార్తమ్మ కోడలికి నొప్పులొస్తే షేరాటోలో పట్నానికి బయలుదేరారు. గండిపేట చేరకముందే ఆటోలోనే కాన్పయింది. తల్లీ బిడ్డా బతికారు. నెల తిరిగాక సువార్తమ్మ ఏడుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. సభలో అడుగుతావా అడగవా, ఒక్కటే మాట చెప్పమంది. అడుగుతానన్నాను. నిజంగానే అడగాలనుకున్నాను. ఇది మాత్రం నమ్మండి.

ప్రశ్న రాసి పంపాను. అదృష్టం బాగుండి ఒక రోజు ప్రశ్నల జాబితాలో రెండో నంబరు వచ్చింది. రెండో నంబరంటే తప్పకుండా చర్చకు వస్తుంది. ముందురోజు సాయంత్రం లాబీలో ఆరోగ్య మంత్రి నన్ను పక్కకు పిలిచాడు. అవతలి పార్టీ మనిషి. పెద్దవాడు, మెత్తగా మాట్లాడేవాడు. అచ్చువేసిన జవాబులో 'పరిశీలనలో ఉంది' అని మాత్రమే ఉంటుందని, దాన్ని చూసి ఫికర్ పడొద్దని చెప్పాడు. నేను లేచి అనుబంధ ప్రశ్న వేస్తే, డాక్టరమ్మను, నర్సులను ఇస్తానని సభలోనే మాటిస్తానన్నాడు. సభలో ఇచ్చిన మాట రికార్డుకెక్కుతుంది. తర్వాత అధికారులు ఎంత నాన్చినా తప్పించుకోలేరు. "ఫైలు నా బల్ల మీదనే ఉన్నది. నువ్వు లేచి అడుగు, చాలు" అన్నాడు.

నేను సంతోషించాలి కదా? మొయినాబాద్ దాటి ఇల్లు చేరేదాకా కారులో నా కళ్ల ముందు కనిపించింది ఒక్కటే. దవాఖాన గేటుకు ఆ మంత్రి ఫ్లెక్సీ. పక్కన చేతులు జోడించిన వాళ్ల పార్టీ స్థానిక నాయకుడు, వచ్చే ఎన్నికల్లో నా మీద నిలబడబోయేవాడు. ప్రశ్న నాది, పేరు వాళ్లది. అలా ఎలా ఊరుకుంటాను? ఇలా ఆలోచించానని రాస్తుంటే ఇప్పుడు నాకే రోత పుడుతోంది. ఆ రోజు మాత్రం అది తెలివనిపించింది.

మర్నాడు పొద్దున మా పక్ష నాయకుడు అందరినీ కూర్చోబెట్టి, ఇవాళ సభ సాగనివ్వొద్దన్నాడు. కారణం ఏమిటో నిజంగా ఇప్పుడు గుర్తులేదు. ఎవరి మీదో ఎవరో ఏదో అన్నారు. అంత పెద్ద కారణం! నా ప్రశ్న అయ్యాక మొదలుపెడదాం, ఓ పావుగంట ఆగండి అంటే ఆయన కాదనేవాడు కాదు. అంతకుముందు వేరేవాళ్ల కోసం రెండుసార్లు అలా ఆగాం. నేను అడగలేదు. మంత్రి మాట సంగతి కూడా ఆయనకు చెప్పలేదు.

మొదటి ప్రశ్నకు జవాబు సాగుతోంది. మావాళ్లు ఇంకా కుర్చీల్లోనే కూర్చున్నారు. అందరికంటే ముందు లేచింది నేను. పోడియం ముందుకు దూకి, చేతిలో ఉన్న కాగితాన్ని చించి గాల్లోకి విసిరాను. అది ఆ రోజు ప్రశ్నల జాబితా. రెండో నంబరు దగ్గర నా పేరు ఉన్న కాగితమే. ఒక్క క్షణం తలెత్తితే మంత్రి కనిపించాడు. కోపంగా చూడలేదు. ఏదో అర్థంకానట్టు చూశాడు. సభ వాయిదా పడింది. ఆ రోజుకు మళ్లీ కూడలేదు.

నేను కాగితం చించడం టీవీలో పదేపదే వేశారు. పులిలా దూకావని ఊరి నుంచి ఫోన్లు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఊరికొచ్చి సంఘం ఆడవాళ్ల ముందు ఆ అచ్చు జవాబు పైకెత్తి పట్టుకున్నాను. "చూడున్రి. పరిశీలనలో ఉన్నదట! మన ఆడవిల్లల పానమంటే వీళ్లకు లెక్కలేదు. అడుగుదామని లేస్తే మైకు కూడ ఇయ్యలే" అన్నాను. ఎంత సులువుగా వచ్చాయో ఆ మాటలు. ముందుగా అనుకోను కూడా లేదు.

వాళ్లు నమ్మారు. మరుసటి వారం సువార్తమ్మతో సహా ఎనిమిది మంది మొయినాబాద్ దగ్గర రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. నేను వెళ్లి ప్రసంగం చేసి, పోలీసులు వచ్చేలోగా కారెక్కాను. కేసు వాళ్ల మీద పడింది. ఎత్తేయిస్తానని మాటిచ్చాను. మా ప్రభుత్వం వచ్చాక కూడా ఇచ్చాను. ఒక ఉత్తరం రాశాను, దాని వెనక తిరగలేదు. మంత్రికేమో నా మీద మనసు విరిగింది. ఆ ఫైలు అక్కడే ఆగింది. ఆయన శాఖ మారింది, తర్వాత ఆయనే పోయాడు. కాన్పుల గదిలో ఇప్పుడు మందుల అట్టపెట్టెలున్నాయి.

సభకైనా కోర్టుకైనా మనకున్నది ఒకటే మాట, వాయిదా. మేము ఏసీ గదిలో పెట్టుకున్నాం, వాళ్లు ఎండలో నిలబడి తెచ్చుకున్నారు. కూలి పోగొట్టుకుని, సద్ది కట్టుకుని, ఎనిమిదేళ్లు చేవెళ్లకు తిరిగారు. ఒకామె ఈ మధ్యలోనే చనిపోయింది.

మొన్న లోక్ అదాలత్‌లో, తప్పు ఒప్పుకుంటే జరిమానాతో కేసు ముగుస్తుందన్నారు. నేనూ వెళ్లాను. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరే ముందుకొచ్చి, "ఒప్పుకుంటున్న సార్" అన్నారు. ఏడు గొంతులు. జరిమానా నేనే కట్టాను. దాంతో నా మర్యాద ఇంకా పెరిగింది!

వరండాలోకి వచ్చాక సువార్తమ్మ నవ్వుతూ నా దగ్గరికొచ్చింది.

"గింతేనా అన్నా? ఒప్పుకుంటున్న అంటే అయిపాయె. గిన్నేండ్లు ఎందుకు తిప్పిన్రు మమ్ముల?"

"నువ్వేం తప్పు చేసినవక్కా, ఒప్పుకోనీకి?"

"రోడ్డు మీద కూసున్న గదా. కూసున్నది నిజమే. నిజం ఒప్పుకుంటే ఏం పోతది? మనసు అల్కగైంది."

నా మొహం చూసి ఏమనుకుందో, ఓదార్చబోయింది.

"నువ్వు రంది పడకు. నువ్వైతే ఆడ మాకోసం కొట్లాడినవ్. ఆ మంత్రి సారే మాటియ్యలే. ఆయన కోసం కూడ అప్పటిసంది ప్రార్థన చేస్తున్న అన్నా, ఆదివారం ఆదివారం. ఇప్పుడైతే పోయినోడు గదా. దేవా, ఆ మనిషిని మాఫ్ చెయ్యి అని."

ఎనిమిదేళ్లుగా మాఫీ అడుగుతోంది, ఏ తప్పూ చేయని మనిషికి.

అప్పుడైనా చెప్పాలి. నోటిదాకా వచ్చింది. "పోదాం పా అక్కా, ఎండ ముదురుతున్నది" అన్నాను. వాళ్లను హిమాయత్‌నగర్‌లో దించి వచ్చేశాను. ఎందుకు చెప్పలేదు? ఆమె తిడుతుందని భయమా? కాదు. తిడితే బాగుండునని ఉంది. ఆమె ఆ ప్రార్థనలో పేరు మార్చి, నన్ను కూడా మాఫ్ చేయమని అడుగుతుందేమోనని భయం. ఆ మాఫీ నాకు అక్కర్లేదు. దానికి నేను తగను.

సువార్తమ్మకు చదువు రాదు. ఆటోలో పుట్టిన ఆ మనవరాలు ఇప్పుడు బడికి పోతోంది, తెలుగు గడగడా చదువుతుందట. ఇది అచ్చయితే ఆ పిల్ల చేతికి అందేలా పంపిస్తాను. నా పేరు వేయకపోయినా, తన పేరు వినగానే నాయనమ్మకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆమె ఏమంటుందో ఆమె ఇష్టం. నా గుండె మీద నుంచి మాత్రం ఏదో దిగినట్టే ఉంది. ఆ మాత్రం హాయి కూడా నాకు దక్కకూడనిదే కావచ్చు.

అక్కా, ఆ మంత్రి కాదనలేదు. ఇస్తానన్నాడు. సభ ఆపింది నేను.