చెరిపేసిన చిలకలు

పోయిన నెల మార్కాపురంలో మా తమ్ముడి మనవరాలి పెళ్లికి వెళితే, కల్యాణమండపంలో పెళ్లిపీటల దగ్గర మట్టి ఐరేని కుండలు పెట్టాల్సిన చోట చిలకల స్టిక్కర్లు అంటించిన ప్లాస్టిక్ కుండలు కనిపించాయి. కుమ్మరింటి పెళ్లిలో ప్లాస్టిక్ కుండలు! ఒళ్లు మండిపోయింది. ఇదేందిరా అని తమ్ముణ్ణి నిలదీస్తే, "డెకరేషనోళ్లు తెచ్చినారక్కా, ఫొటోల్లో బాగుంటాయంట" అని నవ్వాడు.

గిద్దలూరు దగ్గర మా పల్లెలో నాయన కాల్చిన పెళ్లికుండలకు మా అమ్మే సున్నం పూసి, ఆరాక ఈతపుల్ల కొస కుంచెలా నలగ్గొట్టి, ఎర్రటి జాజుతో మెడచుట్టూ తీగ, తీగ కింద ఎదురెదురుగా చిలకలు వేసేది. అవి తన పెళ్లిచీర అంచులోని చిలకలు. చీర చిరిగి బొంతలో కలిసిపోయినా, అంచు మాత్రం ఎన్నో ఇళ్ల పెళ్లిళ్లు చూసింది.

ఒకసారి గిద్దలూరులో బట్టల దుకాణం వాళ్లు తమ ఇంట్లో పెళ్లికని మేళంతో మా ఇంటికొచ్చి, అమ్మకు బొట్టుపెట్టి కుండలు తీసుకువెళ్లారు. మర్నాడు మూతలివ్వడానికి నేనూ అమ్మా వెళ్లేసరికి, బోర్డులు రాసే పెయింటరు ఒక కుండ మీది చిలకలను నూనెరంగుతో కప్పేసి గులాబీలు వేస్తున్నాడు.

"ఈ పాత చిలకలు ఎవురికి కావాల? సినిమాలో మాదిరుండాల" అన్నాడు ఆ ఇంటి పెద్దకొడుకు.

అమ్మ ఆ కుండను చంకనెత్తుకుంది. ఇంటి పెద్దామె పరుగున వచ్చి, "ముహూర్తం దగ్గర పెట్టుకోని ఇట్ల చేస్తావేందమ్మా?" అంది.

"నిన్న నాకు బొట్టుపెట్టి తెచ్చుకున్నారు గదమ్మా. నేనేసిన బొమ్మ చెరపాలంటే నన్నొక మాట అడగొద్దా?"

పెద్దకొడుకు పెయింటరు వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ పళ్లు నూరాలనిపిస్తుంది.

ఆ ఇంటివాళ్లతో తగువెందుకని భయపడ్డ నాయన సాయంత్రం దాకా బతిమాలితే, అమ్మ బదులుగా ఇంకో కుండ ఇచ్చింది, సున్నం కూడా పూయని ఉత్త కుండ. వాళ్ల పెళ్లిపీటల దగ్గర అది అట్లాగే బోడిగా నిలబడింది. గులాబీల కుండలో మా అమ్మ కోళ్లకు నీళ్లు పోసింది. ఆ ఇంటి కుండలకు మళ్లీ ఏనాడూ బొమ్మ వేయలేదు.

అమ్మ కోపానికి ఎదురుగా ఒక మనిషైనా ఉన్నాడు. నేనెవరి మీద అరవను? ఇప్పుడు చెరిపేసింది మావాళ్లే, చెరిపేశామన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.